బోర్డు లేని తలుపు: విజయవాడ నుంచి కూవాగం దాకా

ఇంటికి చేరి మూడు రోజులైంది. చీరలకు పట్టిన కర్పూరం వాసన ఇంకా వదల్లేదు. ఆ వాసన పోయేలోగా రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను.

నేను ట్రాన్స్ మహిళను, అంటే పుట్టినప్పుడు మగబిడ్డ అన్నారు కానీ నేను ఆడదాన్ని. వయసు నలభై రెండు. పదకొండేళ్ళ క్రితం మా గురువుగారి వెంట ఒకసారి కూవాగం వెళ్ళాను. తమిళనాడులో విల్లుపురం దగ్గరి ఊరది, అక్కడి గుడి తిరునాళ్ళకు ఏటా మా వాళ్ళు చేరతారు. ఈసారి తమ్ముడిని తీసుకెళ్ళాను. మేము ఒక తల్లి బిడ్డలం కాము. అతను గుంటూరులో పుట్టి, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న ట్రాన్స్ పురుషుడు, అంటే పుట్టినప్పుడు ఆడబిడ్డ అన్నారు కానీ అతను మగవాడు. అయిదేళ్ళుగా నన్ను అక్కా అని పిలుస్తున్నాడు, ఏటా నా చేత రాఖీ కట్టించుకుంటున్నాడు. కూవాగం చూపించమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు.

ఈ కథనంలో గుడి కంటే మరుగుదొడ్లే ఎక్కువసార్లు కనిపిస్తాయి. ఎక్కడ దిగినా మా ఇద్దరి కళ్ళు మొదట వెతికింది వాటినే కాబట్టి అలాగే రాస్తున్నాను.

మొదటి రోజు: రైలులో

విజయవాడలో తెల్లవారుజామున రైలెక్కాం. ప్లాట్‌ఫారం మీద తమ్ముడు టీ తాగాడు, నేను తాగలేదు. బయటికి వెళ్ళాల్సిన రోజు ఉంటే ముందు రాత్రి నుంచే నీళ్ళు తగ్గించడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. మరీ దాహం వేస్తే ఒక గుక్క పుక్కిలించి మింగుతాను. రెండేళ్ళ క్రితం మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి వారం రోజులు జ్వరంతో మంచం పట్టాను. "నీళ్ళెందుకు తాగడం లేదమ్మా?" అని డాక్టరుగారు అడిగారు. జవాబు చెప్పాలంటే ఊళ్ళో ఉన్న మరుగుదొడ్ల కథంతా చెప్పాలి. తల వంచుకుని ఊరుకున్నాను.

రైలు కదిలాక మాత్రం సీసాలో సగం నీళ్ళు ఒక్కసారే తాగాను. రైలంటే నాకు అంత ధైర్యం. పెట్టెకు ఈ చివర రెండు, ఆ చివర రెండు మరుగుదొడ్లు. వాటి మీద ఆడ, మగ అని రాసి ఉండదు. లోపల మనిషి ఉంటే ఆగుతాం, బయటికి వస్తే వెళతాం, గొళ్ళెం పెట్టుకుంటాం. పెళ్ళికి వెళ్ళే కుటుంబాలు, సెలవుకు వచ్చే సైనికులు, చంటిపిల్లల తల్లులు అందరూ వాటినే వాడతారు. అవి ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయని చెప్పను. కానీ నువ్వు ఎవరివి అని ఆ తలుపు ఎవరినీ అడగదు. స్టేషనులో దిగగానే మళ్ళీ బొమ్మలు మొదలవుతాయి, పంచె కట్టిన బొమ్మ, చీర కట్టిన బొమ్మ.

"రైలులో నన్ను ఎవరూ ఏమీ అడగరక్కా. అందుకే నాకు బస్సు కంటే రైలే ఇష్టం" అన్నాడు తమ్ముడు.

2016 చివరి నుంచి రైల్వే టికెట్ ఫారంలో మాకంటూ ఒక గడి ఉంది. నా టికెట్టు ఆ గడి నింపి తీసుకున్నదే. తమ్ముడి టికెట్టులో పురుషుడు అని ఉంది. తనిఖీకి వచ్చినాయన ఇద్దరి ముఖాలూ చూసి, తలూపి వెళ్ళిపోయాడు. ఎదురు సీటులో ఒంగోలు నుంచి ఎక్కిన మామ్మగారు నెల్లూరు దాటాక అన్నం డబ్బా తెరిచారు. పెరుగన్నం, అందులోకి కొత్త మాగాయ. నా చేతిలో ఒక ముద్ద పెట్టి, "చిత్రంగా చూస్తున్నానని ఏమీ అనుకోకమ్మా, మీ కమ్మలు బాగున్నాయి" అన్నారు. ఆ పూట రెండుసార్లు తిన్నాను, మళ్ళీ నీళ్ళు తాగాను.

చెన్నైలో మూడు గంటలు

సెంట్రల్ నుంచి ఎగ్మూరుకు ఆటో నూట ఇరవై రూపాయలు. విల్లుపురం రైలుకు ఇంకా మూడు గంటలుంది. దారిలో ఒక హోటల్లో భోజనం చేశాం. సాంబారు, రసం, రెండు కూరలు, అప్పడం, మజ్జిగ. మజ్జిగ గ్లాసు అలాగే వదిలేశాను. అయినా రైలులో తాగిన నీళ్ళు ఊరుకుంటాయా?

డబ్బులు తీసుకునే మరుగుదొడ్డి ఒకటి కనిపించింది. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన, బల్ల మీద చిల్లర. నా ముందున్నామె అయిదు రూపాయలిచ్చి లోపలికి వెళ్ళింది. నేనూ అయిదు రూపాయల బిళ్ళ పెట్టాను. ఆయన దాన్ని వేలితో వెనక్కి నెట్టి ఇరవై అడిగాడు. ఎందుకని అడిగాను. మా వాళ్ళు వస్తే గొడవలవుతాయట, అసలు వెళ్ళనివ్వకూడదట, ఇరవై ఇస్తే చూసీచూడనట్టు ఊరుకుంటాడట.

నా సంచిలో కలెక్టరు ఇచ్చిన గుర్తింపు పత్రం ఉంది. 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం వచ్చాక తీసుకున్నది. అందరూ వాడుకునే చోటును మాకు నిరాకరిస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా శిక్ష అని ఆ చట్టంలోని పద్దెనిమిదో సెక్షన్ చెబుతుంది. అది నాకు కంఠతా వచ్చు. కానీ పొత్తికడుపు పట్టుకుని నిలబడిన మనిషి సెక్షన్లు చదవగలదా? పత్రం బయటికి తీయలేదు. మూత్రానికి వెళ్ళడానికి కాగితం చూపించాల్సిన గతి ఏ మనిషికీ పట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

వరసలో నా వెనకున్న ఒక తల్లి తన పాపను పక్కకు లాక్కుంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. లోపల వరండా చీకటిగా ఉంది. ఒక తలుపుకు గొళ్ళెం లేదు, ఇంకో తలుపు కింద జానెడు సందు. అలాంటి చోట ఏ ఆడదానికైనా భయమే, నాకూ భయమే. ఒక దీపం, ఒక గొళ్ళెం, నేల దాకా దిగిన ఒక తలుపు ఉంటే ఆమె భయమూ నా భయమూ కలిసే తగ్గుతాయి. నన్ను గుమ్మంలో ఆపినంత మాత్రాన ఆ గొళ్ళెం ఊడి ఉన్న తలుపు మూసుకోదు కదా.

ఇంతలో పూలబుట్టతో ఒక పెద్దామె ముందుకు వచ్చింది. కుర్చీలో ఉన్నాయనను తమిళంలో నాలుగు మాటలు అడిగింది. నాలుగేళ్ళు చెన్నైలో ఉన్నాను కాబట్టి అర్థమైంది. "వచ్చిన పనికి వెళ్ళనివ్వు. గొళ్ళెం లేని తలుపు దగ్గర నేను నిలబడతాను" అంది. అన్నట్టే నిలబడింది. బయటికి వచ్చాక ఆమె దగ్గర రెండు మూరల మల్లెపూలు కొన్నాను. మూర ముప్ఫై. బేరమాడలేదు.

తమ్ముడు నాకంటే ముందే బయటికి వచ్చి నిలబడి ఉన్నాడు. ముఖం వాడిపోయి ఉంది. "అయిందా?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. మగవాళ్ళ వైపు గోడ పొడవునా నిలబడి పోసుకునే తొట్లు. తలుపున్న గదులు రెండే. ఒకదాంట్లో చీపుళ్ళు, ఫినాయిల్ డబ్బాలు పెట్టి తాళం వేశారు. రెండోదానికి గొళ్ళెం లేదు. పైగా అది అతనికి నెలసరి రోజు. మగవాళ్ళ వైపు చెత్తబుట్ట ఉండదు. గడ్డం ఉన్న మనిషి ఆడవాళ్ళ వైపు అడుగు పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

"రైలెక్కాక చూసుకుంటానక్కా" అన్నాడు. రైలు వచ్చేదాకా స్టేషను బెంచీ మీద కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. నా కష్టం అందరికీ కనిపిస్తుంది, నలుగురూ చూస్తారు, ఒకరు తిడతారు, ఒకరు సాయపడతారు. తమ్ముడి కష్టం ఎవరికీ కనిపించదు. ఇన్నేళ్ళుగా అక్కనని చెప్పుకుంటున్న నాకే అది ఆ బెంచీ మీద తెలిసింది.

రెండవ రోజు: విల్లుపురం

కూవాగం తిరునాళ్ళ సమయంలో విల్లుపురంలో గది దొరకడం కష్టం. అందాల పోటీలు, సభలు ఇక్కడే జరుగుతాయి. మా వాళ్ళు దేశం నలుమూలల నుంచి దిగుతారు. ఒక లాడ్జిలో ఎనిమిది వందలకు గది ఉంది, మరుగుదొడ్డి వరండా చివర, అంతస్తు మొత్తానికి ఒకటే. ఇంకోచోట లోపలే స్నానాలగది ఉన్న గదికి రెండు వేల రెండు వందలు చెప్పారు. తమ్ముడు నా వైపు చూశాడు. రెండోదే తీసుకున్నాం. మంచాలు రెండింటిలోనూ ఒకలాంటివే. పద్నాలుగు వందల రూపాయలు ఒక తలుపుకు, దాని గడియకు ఇచ్చాం. ఆ రాత్రి అతను స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, పది గంటలు నిద్రపోయాడు.

పొద్దున్నే పొంగలి. మిరియాలు, జీడిపప్పు, పైన నెయ్యి, పక్కన గట్టి కొబ్బరి చట్నీ. నలభై రూపాయలకు ఇంత తృప్తినిచ్చే పలహారం ఈ మధ్య తినలేదు. ఫిల్టర్ కాఫీ కూడా తాగాను. గది అయిదు నిమిషాల దూరంలో ఉంది మరి.

ఆ హోటల్లోనే హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్ద గురువుగారు కలిశారు. అరవై అయిదు దాటి ఉంటాయి. వెండి కడియాలు, మోకాళ్ళ నొప్పి. కాళ్ళకు దణ్ణం పెట్టి పక్కన కూర్చున్నాం. తమ్ముడు నిన్నటి సంగతి చెప్పాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తమ నానిగురువు, అంటే గురువుకు గురువు, చెప్పిన రోజులు తలుచుకున్నారు. నిజాం కాలం నాటి 1919 చట్టం ఒకటి ఉండేది. ఆడవేషంలో వీధిలో కనిపిస్తే చాలు, వారెంటు లేకుండా మమ్మల్ని పట్టుకుపోవచ్చు. దాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. "వీధిలో నిలబడటమే నేరమైన చోట మరుగుదొడ్డి ఎవరు కడతారమ్మా?" అన్నారు.

ఆమెకు కావలసింది మాకంటూ వేరే తలుపు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు మమ్మల్ని గుర్తిస్తూ ఇచ్చిన తీర్పులో కూడా వేరే మరుగుదొడ్లు కట్టించమనే చెప్పింది కదా అని గుర్తుచేశారు. "అక్కడైతే నన్ను ఎవరూ తొయ్యరు. ఈ మోకాళ్ళతో నేను పరుగెత్తలేను" అన్నారు.

తమ్ముడు ఒప్పుకోలేదు. చాలా మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, ఆ బోర్డు ఉన్న తలుపులోకి నేను వెళితే, నేనెవరినో నా ఆఫీసు మొత్తానికీ తెలిసిపోతుంది. ఆ మరునాడు నా అద్దె ఇల్లు పోతుంది." 2017లో స్వచ్ఛ భారత్ కింద వచ్చిన మార్గదర్శకాల్లో ఆడ, మగ రెండింటిలో తమకు నచ్చిన వైపు వాడుకోనివ్వాలని ఉందని, అదే తనకు నచ్చుతుందని అన్నాడు. ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్ళినప్పటి సంగతి కూడా చెప్పాడు. అక్కడి మెట్రోలో వికలాంగుల కోసం కట్టిన ఒంటిగది మరుగుదొడ్లను ట్రాన్స్‌జెండర్లు కూడా వాడుకోవచ్చని 2021లో ప్రకటించారు. విశాలమైన గది, లోపలే కుళాయి, గట్టి గడియ. "కానీ బయటికి వస్తే చక్రాల కుర్చీలో ఒకాయన ఎదురుచూస్తున్నారు. ఆయన తలుపు నేను తీసుకున్నట్టు అనిపించింది" అన్నాడు.

నేను ఇద్దరి మధ్యా కూర్చున్నాను. మా వాళ్ళు కట్టించుకున్న వేరే మరుగుదొడ్డికి తాళం వేసి ఉండటం నేను చూశాను. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వీధిలో ఎవరికీ తెలియదు. అయినా పెద్దావిడ మోకాళ్ళు చూశాక ఆమె కోరిక తప్పని ఎలా అనను? నాకు తోచింది నేను చెప్పాను. రైలులో ఉన్నట్టు వరసగా ఒంటి గదులు కట్టి, చేతులు కడుక్కునే చోటు అందరికీ కనిపించేలా బయట పెట్టి, ప్రతి గదిలో ఒక బుట్ట, ఒక కొక్కెం, ఒక దీపం పెట్టి, బోర్డు మీద "మరుగుదొడ్డి" అని మాత్రం రాస్తే సరిపోతుంది. నడవలేనివారి కోసం ఒకటి పెద్దదిగా, పట్టుకునే కమ్మీలతో కట్టాలి. గురువుగారు నవ్వి, "కట్టినప్పుడు పిలువు, వస్తాను" అన్నారు. కాఫీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

మూడవ రోజు: దారి తప్పి, కూవాగం

ఉళుందూరుపేట దగ్గర మారాల్సిన బస్సు బదులు ఇంకోటి ఎక్కాం. తప్పు నాదే, పదకొండేళ్ళ నాటి జ్ఞాపకాన్ని నమ్మాను. కండక్టరు ఒక సరుగుడు తోట దగ్గర దింపి, ఆ పొలాల మీదుగా నడవమన్నాడు. మధ్యాహ్నం ఎండ. గంటసేపు నడిచినా గుడి గోపురం కనిపించలేదు, ఒక చిన్న ఊరు వచ్చింది. చెట్టు కింద ఒకతను తాటిముంజలు కొడుతున్నాడు. డజను యాభై రూపాయలు. తమ్ముడు తిన్నాడు. నేను చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ముంజలో ఉండేది నీళ్ళే.

పక్క ఇంటి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న ఒకామె మమ్మల్ని గమనించింది. "వాంగ" అని పిలిచింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను వద్దన్నాను. ఎందుకో ఆమెకు అర్థమైంది. ఆడది కదా, ఆమె కూడా ఎన్ని ప్రయాణాల్లో నీళ్ళు వద్దనుకుందో. పెరటి వైపు చేయి చూపించింది. అక్కడ సున్నం వేసిన చిన్న గది, రేకు తలుపు, పక్కన నీళ్ళ తొట్టి. నేను వెళ్ళాను. తర్వాత తమ్ముడు వెళ్ళాడు, చాలాసేపటికి వచ్చాడు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. చాలా ఇళ్ళలో ఉండేది ఒకే మరుగుదొడ్డి. భర్త, భార్య, మామగారు, కూతురు, వచ్చిన చుట్టం అందరూ వెళ్ళేది అందులోకే.

వచ్చి చెంబెడు నీళ్ళు తాగి, ఆరు ముంజలు తిన్నాను. డబ్బులివ్వబోతే ఆమెకు కోపం వచ్చింది. మల్లెపూలలో మిగిలిన మూర ఆమె జడలో పెట్టాను.

సాయంత్రానికి కూవాగం చేరాం. కూత్తాండవర్ గుడి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. కురుక్షేత్ర యుద్ధానికి ముందు బలి కావడానికి ఒప్పుకున్న అరవాన్, అర్జునుడికి ఉలూపికి పుట్టినవాడు, చనిపోయేలోగా పెళ్ళి చేసుకోవాలని కోరాడట. మరునాడు విధవ అయ్యేందుకు ఎవరూ ముందుకు రాకపోతే కృష్ణుడే మోహినిగా మారి పెళ్ళాడాడని మా నమ్మకం. అందుకే మేమందరం మోహినులమై పూజారి చేత తాళి కట్టించుకుంటాం. పసుపుతాడు మెడలో పడినప్పుడు నాకు మొదటిసారి లాగే కన్నీళ్ళు వచ్చాయి. తమ్ముడు నా చీర కొంగు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

రాత్రంతా చప్పట్లు, కుమ్మి పాటలు. కర్పూరం కుప్పలు కుప్పలుగా మండుతోంది. మేమే ఎక్కువమందిమి ఉండే రాత్రి ఏడాదికి ఇదొక్కటే. కానీ ఆ రాత్రి కూడా కష్టం కష్టమే. తాత్కాలికంగా నిలిపిన రేకు గదుల ముందు వరస ఎంత పొడవుందంటే, చివర నిలబడినవారికి మొదలు కనిపించలేదు. అర్ధరాత్రికి వాటిలో నీళ్ళు అయిపోయాయి. పొలాల వైపు వెళ్ళక తప్పలేదు. అక్కడ చీకట్లో మా కోసమే కాచుకుని తిరిగే మగవాళ్ళుంటారు. పదకొండేళ్ళ క్రితం మా గురువుగారు ఒంటరిగా వెళ్ళవద్దని ఒట్టు వేయించుకున్నారు. ఈసారి ఆ మాట నేను చెప్పాను. ముక్కూ ముఖం తెలియని అయిదుగురం కలిసి వెళ్ళాం. నలుగురు నాలుగు వైపులా చీర పరిచి పట్టుకుంటే ఒకరు మధ్యలో కూర్చుంటారు. కన్నడం, తమిళం, మరాఠీ, తెలుగు, ఆ చీర గోడకు నాలుగు భాషలు. తమ్ముడు ఫోను వెలుతురు బయటి వైపు చూపిస్తూ కాపలా నిలబడ్డాడు. అతని వంతు వచ్చినప్పుడు మరాఠీ ఆవిడ ఏమీ అడగకుండా చీర అంచు ఇంకాస్త పైకి ఎత్తింది.

నాలుగవ రోజు: తెల్లచీర

తెల్లవారాక అరవాన్ రథం కదిలింది. దాని వెంట మైదానం దాకా నడిచి, తాళి తెంపించుకుని, గాజులు పగలగొట్టించుకుని, గుండెలు బాదుకుని ఏడ్చాం. ఆ ఏడుపులో ఒక్క దేవుడి కోసమే ఏడ్చేవారు తక్కువ. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఏడ్చాక స్నానం చేసి తెల్లచీర కట్టాలి. ఒక రైతు తన మోటారు వేసి ఉంచాడు. పైపు నుంచి దూకే నీళ్ళ కింద చీరలతోనే తడిశాం. గట్టు మీద కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. రైతు భార్య కర్ర తీసుకుని వాళ్ళను తరిమింది. తడి మార్చుకోవడానికి పంపు షెడ్డు తలుపు తీసింది. ఒక్కొక్కరం లోపలికి వెళ్ళి వచ్చాం. పది రూపాయలిస్తే తీసుకుంది. కరెంటుకు అవుతుంది కదా, తీసుకోవడమే న్యాయం.

అయిదవ రోజు: పుదుచ్చేరి

తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు సముద్రం చూడాలని తమ్ముడి కోరిక. విల్లుపురం నుంచి బస్సులో గంటంపావు. ఇద్దరికీ గొంతు పోయింది, నాకు అరికాళ్ళు బొబ్బలెక్కాయి. సముద్రం ఒడ్డున రాళ్ళ మీద మాట్లాడకుండా చాలాసేపు కూర్చున్నాం.

మధ్యాహ్నం ఒక సందులో చిన్న భోజనశాల దొరికింది. ముసలి భార్యాభర్తలు నడుపుతున్నారు, అయిదే బల్లలు. చేపల పులుసు, వేయించిన వంజరం ముక్క, అన్నం, రసం, మనిషికి నూట అరవై. కూర్చోకముందే తమ్ముడు గది వెనక్కి చూశాడు. వంటింటి పక్కన నీలం రంగు తలుపు. దాని మీద ఏ బొమ్మా లేదు. మేము చూస్తుండగానే వంటమనిషి వెళ్ళి వచ్చాడు, తర్వాత ఒక కాలేజీ అమ్మాయి, ఆ తర్వాత పెద్దాయన స్వయంగా. తమ్ముడు లేచి వెళ్ళాడు. తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంటూ చెవిలో నెమ్మదిగా చెప్పాడు.

"గడియ ఉంది. మూత ఉన్న బుట్ట కూడా ఉందక్కా."

పెద్దావిడ మజ్జిగ జగ్గు పట్టుకుని వచ్చింది. అల్లం, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ. నేను గ్లాసు ముందుకు జరిపాను. తాగి, మళ్ళీ జరిపాను.